రెక్కల బిళ్ళ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇత్తడి అంటే తూకమే. నరసరావుపేట బజార్లో మాది ఇత్తడి సామాన్ల కొట్టు. చుట్టుపక్కల పల్లెల జనం సొట్టలు పడ్డ బిందెలూ, చిల్లులు పడ్డ గంగాళాలూ తెచ్చి కాటా మీద పెట్టి, బదులుగా కొత్త సామాను పట్టుకుపోయేవాళ్ళు. అలా వచ్చిన పాత ఇత్తడంతా కొట్టు వెనక వసారాలో కుప్పపడి ఉండేది. ఆ కుప్ప ముందు గోనెపట్టా పరుచుకుని మా చిన్నతాతయ్య కూర్చునేవాడు. దాన్ని తూకంతో కాకుండా కళ్ళతో చూసేవాడు మా ఇంట్లో ఆయనొక్కడే.

చిన్నతాతయ్య అంటే మా తాతయ్యకు తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి పోయి వైమానిక దళంలో చేరాడు. విమానం మాత్రం ఎక్కలేదు. ఆయన పనంతా సామాన్ల గిడ్డంగిలో. టోపీలు, బెల్టులు, గుండీలు, బిళ్ళలు. కొత్తగా చేరినవాడికి ఏ బిళ్ళ ఇవ్వాలి, అది టోపీకి పెట్టుకోవాలా, భుజానికా, ఛాతీకా అన్నది ఆయనే చెప్పేవాడట. యుద్ధం అయిపోయాక తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు కొట్లో కూర్చున్నాడు. కాకపోతే బిళ్ళల పిచ్చి మాత్రం వెంటబెట్టుకొచ్చాడు.

పాత ఇత్తడిలో ఏవేవో వచ్చేవి. ఎప్పుడో పట్నాల్లో తుక్కుగా అమ్మేసిన మిలిటరీ సామాను ఎన్ని చేతులు మారి మా వసారాకి చేరేదో తెలియదు. బిందెల మధ్య నుంచి ఒక డేగ బొమ్మ గుండీ, ఒక టోపీ బిళ్ళ బయటపడితే చిన్నతాతయ్య దాన్ని చింతపండుతో తోమి, పంచె అంచుతో తుడిచి, ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. ఒక్కోదానికీ ఒక్కో గుడ్డపీలిక చుట్టేవాడు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి నేను ఆ డబ్బా దగ్గర చేరేదాన్ని. మా అన్నయ్యలకు గోలీలుండేవి, నాకు ఆ బిళ్ళలుండేవి.

ఆయన పాఠం చెప్పినట్టు చెప్పేవాడు కాదు. ఒక బిళ్ళ నా అరచేతిలో పెట్టి, "ఏంది చెప్పు?" అనేవాడు. పైన కిరీటం ఉంటే తెల్లదొరల కాలం నాటిది. సింహాలుంటే మన రాజ్యం వచ్చాక చేసింది. అచ్చు కొట్టిన బిళ్ళకు ముందు ఎక్కడ ఉబ్బెత్తుంటే వెనక అక్కడ పల్లం ఉంటుంది, బొటనవేలితో తడిమితే కళ్ళు మూసుకునైనా చెప్పొచ్చు. రెండు రెక్కలుంటే విమానం నడిపేవాడిది. ఒకటే రెక్క ఉంటే పక్కన కూర్చుని కిందికి చూసేవాడిది. అలాంటిది ఆయన దగ్గర ఒకటుండేది. ఇంగ్లీషు 'ఓ' అక్షరానికి ఒక పక్కనే రెక్క మొలిచినట్టు, ముదురు గుడ్డ మీద తెల్లదారంతో కుట్టి ఉండేది. నాకు అది చూస్తే నవ్వొచ్చేది. దాంతోపాటే ఇంకో ముక్క, మూడు ఇంగ్లీషు అక్షరాలు ఒకదాన్నొకటి అల్లుకున్న ఇత్తడి బిళ్ళ. రెండూ మొదటి యుద్ధం నాటివనీ, అప్పటి విమానాలు కర్రతోనూ గుడ్డతోనూ చేసేవాళ్ళనీ చెప్పేవాడు. గుడ్డ విమానం ఎట్లా ఎగురుతుందని నేను అడిగితే, "అదే నాకూ తెలవదు, ఎగిరింది మాత్రం నిజం" అనేవాడు.

ఇంకొక సంగతి కూడా ఆయన అప్పుడే చెప్పాడు. విమానం నడిపేవాడి రెక్కలు మామూలుగా లోహంతో చేసి ఇవ్వరు, గుడ్డ మీద కుట్టి ఇస్తారు, దాన్ని చొక్కా జేబు పైన కుట్టించుకోవాలి అని. ఆ ముక్క నాకు బాగా గుర్తుండిపోయింది.

సాగర్ కాలవలో నీళ్ళు కొత్తగా పారుతున్న ఆ రోజుల్లో, ఒక ఏడు మా బడిలో జెండా పండగ ఘనంగా చేద్దామనుకున్నారు. మా హెడ్మాస్టరుగారు మంచి ఉత్సాహవంతుడు. ఊళ్ళో మిలిటరీకి పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళను వేదిక మీదికి పిలుద్దామనీ, చిన్నతాతయ్య బిళ్ళలన్నీ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పిల్లలకు చూపిద్దామనీ ఆయన ఆలోచన. బల్ల దగ్గర నిలబడి ఏది ఏమిటో చెప్పే పని నాకిచ్చారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

పిలవాల్సినవాళ్ళలో అందరికన్నా ముందు పేరు మా పక్కింటి అత్తయ్యది. ఆమె పుట్టిల్లు దుర్గి. వాళ్ళ నాన్న రాతిశిల్పి. తల్లి చిన్నతనంలోనే పోతే తమ్ముణ్ణి ఆమే పెంచింది. పెళ్ళయి నరసరావుపేట వచ్చింది, మామయ్య వడ్రంగం చేసేవాడు. ఆ తమ్ముడు నాన్నతో పోట్లాడి యుద్ధంలో చేరాడు. ఒక్కసారి సెలవు మీద వచ్చి, అక్కను చూసి, ఆమె చేతిలో ఒక రెక్కల బిళ్ళ పెట్టి పోయాడు. తర్వాత బర్మా వైపు పంపారు. అక్కడ జబ్బు చేసి పోయాడని కబురొచ్చింది, మనిషి రాలేదు. బిళ్ళకు రెండు రెక్కలున్నాయి కాబట్టి అతను విమానం నడిపేవాడని వీధి మొత్తం అనుకుంది. అనుకోగా అనుకోగా అది నిజమైపోయింది. అత్తయ్య కూడా అదే నమ్మింది. వీధి పిల్లలందరికీ ఆమె విమానం నడిపినాయన అక్కే.

పండగ దగ్గరపడ్డాక ఒకరోజు పొద్దున అత్తయ్య మా కొట్టుకొచ్చింది. మామయ్య చేసిచ్చిన చిన్న టేకు పెట్టె తెరిచి, దూదిలోంచి ఆ బిళ్ళ తీసి చిన్నతాతయ్య చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళుగా పక్కింట్లోనే ఉన్నా ఆయన దాన్ని చూడటం అదే మొదలు. తమ్ముడు పోయిన కబురొచ్చాక ఆమె దాన్ని ఎవరికీ చూపించేది కాదు.

"బాబాయ్, పండగ రోజున నువ్వే చెప్పాలి. ఇది మా తమ్ముడి బిళ్ళనీ, వాడు విమానం నడిపేవాడనీ. నువ్వు చెప్తే అందరూ ఇంటారు" అంది.

చిన్నతాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెనక తడిమాడు. అరచేతిలో ఎగరేసినట్టు చేసి బరువు చూశాడు. నేను ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. అది గుడ్డ కాదు. వెనక పల్లమూ లేదు, చదునుగా ఉంది. పైన కిరీటం లేదు, అక్షరాలు లేవు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. చెప్పకపోతే బాగుండునని కూడా అనిపించింది.

"ఇది సర్కారోళ్ళు ఇచ్చింది కాదమ్మాయ్" అన్నాడు ఆయన మెల్లగా. "విమానం నడిపేవాడి రెక్కలు గుడ్డ మీద కుట్టుంటయ్యి. ఇది వెండి కూడా కాదు. సత్తు."

కొట్లో కారంపూడి నుంచి బిందె మార్చుకోవడానికొచ్చిన మొగుడూ పెళ్ళాం ఉన్నారు. మా నాన్న ఉన్నాడు. అందరూ విన్నారు. ఇత్తడి కొట్లో సత్తు అన్న మాట ఎలా వినిపిస్తుందో మా వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సత్తు అంటే అల్యూమినియం. సత్తు గిన్నె, సత్తు రూపాయి, ఏదీ విలువైన మాట కాదు.

"సత్తా?" అంది అత్తయ్య. బిళ్ళ తీసుకుని, పెట్టెలో పెట్టి, మూత కూడా సరిగ్గా వేయకుండా వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా నాయనమ్మ ఊరుకోలేదు. "పోయినోడికి ఒక విమానం ఇస్తే నీదేం పోయిందయ్యా?" అంది. చిన్నతాతయ్య అన్నం కలుపుతూనే, "వాడికంటూ ఒక పని ఉండుద్ది కదా వదినా. అది తీసేసి ఇంకోడి పని అంటగడితే, వాణ్ణి మనం కూడా పోగొట్టుకున్నట్టే" అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. నాకు ఆయన మాట బాగానే ఉందనిపించింది కానీ, అత్తయ్య మూత వేయని పెట్టె పట్టుకుని పోవడమే కళ్ళలో ఉంది.

ఆయన కూడా కుదురుగా లేడు. సాయంత్రం వసారాలో కూర్చుని ఒకే గుండీని తోమిందే తోముతున్నాడు. "నేను చెప్పింది నిజమే కదే?" అన్నాడు నాతో. నిజమే అన్నాను. "మరి ఇట్టా ఉందేంది?" అన్నాడు. కాసేపటికి గుండీ పక్కన పెట్టి, "ఏది కాదో చెప్పి ఊరుకున్నా. ఏందో చెప్పలా" అన్నాడు. అది నాతో అన్న మాట కాదు, తనకు తాను చెప్పుకున్న మాట.

మర్నాడు బడి వదలగానే ఆయన నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి బయల్దేరాడు. చేతిలో భూతద్దం ఉంది. అత్తయ్య అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చునుంది. మమ్మల్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఇంకా ఏం చెప్పాలని వచ్చావు బాబాయ్?"

"చెప్పను రాలేదమ్మాయ్, అడగను వచ్చా" అని ఆయన అరుగు చివర కూర్చున్నాడు. "మీ వాడు సెలవు మీద వచ్చినప్పుడు వాడి చేతులెట్టా ఉన్నయ్యి?"

ఆ ప్రశ్న ఆమె అనుకున్నది కాదు. చింతపండు పట్టుకున్న చెయ్యి ఆగింది. నల్లగా ఉండేవి, కుంకుడురసంతో రుద్దినా గోళ్ళలో మడ్డి పోయేది కాదు అంది. ముంజేతుల మీద కాలిన మచ్చలుండేవి. ఏందిరా ఇవి అంటే నవ్వేవాడు. అన్నం ముందు కూర్చుని వేళ్ళతో కంచం మీద కొడుతూ, ఇంజను బాగుంటే ఇట్టా మోగుద్దక్కా, బాగాలేకపోతే ఇట్టా మోగుద్ది అని చెప్పేవాడు. చెబుతూ చెబుతూ ఆమె కూడా తన ముందున్న చేట మీద వేళ్ళతో కొట్టి చూపించింది.

చిన్నతాతయ్య తల ఊపాడు. "మీ వాడు ఇంజన్లు చూసేవాడమ్మాయ్. మా గిడ్డంగి కిటికీలోంచి అట్టాంటోళ్ళను రోజూ చూసేవాణ్ణి. విమానం నడిపేవాడు పైకెక్కే ముందు వీళ్ళ మొహం చూసేవాడు. వీళ్ళు సరే అంటేనే ఎక్కేది. అక్కడ ఎంత పెద్ద ఆఫీసరైనా అంతే."

అత్తయ్య లేచి లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చింది. ఆయన అడగలేదు, ఆమే తెచ్చింది.

ఆయన బిళ్ళను చూపుడువేలి మీద నిలబెట్టి, ఎంత తేలిగ్గా ఉందో చూడమన్నాడు. సత్తు అన్నది నిజమే, కానీ గిన్నెల సత్తు కాదు, విమానం ఒంటి రేకు ఇది అన్నాడు. పడిపోయిన విమానాల రేకులు షెడ్డు వెనక పడి ఉండేవట. ఇంజన్లు చూసే కుర్రాళ్ళు తీరికలో ఆ రేకు కత్తిరించి, అరగదీసి, ఇంటి దగ్గరున్న తల్లికో పెళ్ళానికో అక్కచెల్లెళ్ళకో ఇట్లాంటివి చేసేవాళ్ళట. తర్వాత ఆయన దాన్ని తిరగేశాడు. వెనక సన్నటి సూది, దాన్ని ఇరికించడానికి చిన్న కొక్కెం. సిపాయి ముతక చొక్కాకు ఇంత సన్నసూది నిలవదు, ఇది చీరె కొంగుకు పెట్టుకునేది అన్నాడు.

"వాడు ఇచ్చేటప్పుడు ఏమన్నాడు?" అని అడిగాడు.

"ఇది నువ్వు పెట్టుకో అక్కా అన్నాడు."

ఆ మాట అన్నాక అత్తయ్య ఖాళీ పెట్టె వైపు చూసుకుంది. "నేను పెట్టెలో పెట్టుకున్నా బాబాయ్" అంది.

అప్పుడు ఆయన భూతద్దం ఆమెకిచ్చాడు. రెక్కల మీద ఈకలు చూడమన్నాడు. అచ్చు కొట్టింది కాదు, ఎవరో ఉలితో ఒక్కో గీతా చెక్కారు, ఆ చెయ్యి ఎవరిదో తాను చెప్పలేనన్నాడు. ఆమె ఎండకేసి తిరిగి చూసింది. కొంచెం దగ్గరగా, కొంచెం దూరంగా పెట్టి చూసింది. నాకు ఆమె ముఖం మాత్రమే కనిపిస్తోంది. ఆ ముఖం మారుతూ ఉండటం నాకిప్పటికీ కనిపిస్తుంది గానీ, ఎలా మారిందో మాటల్లో పెట్టలేను.

ఆమె గబుక్కున లోపలికి పోయి, దేవుడి గూట్లోంచి అరచేతిలో పట్టేంత రాతి హంసను తెచ్చింది. వాళ్ళ నాన్న చెక్కింది. ఆ హంసను నా ఒళ్ళో పెట్టి, "చూడవే, ఈకల చివర చూడు" అంది. ప్రతి ఈక చివరా ఆవగింజంత చుక్క. బిళ్ళ మీద కూడా ప్రతి ఈక చివరా అదే చుక్క, భూతద్దంలో తప్ప కనిపించనంత చిన్నగా. ఆ చుక్క వాళ్ళ నాన్న తప్ప దుర్గిలో ఇంకెవరూ పెట్టేవాళ్ళు కాదట.

"వీడికి ఉలి పట్టుకోవడం రాదని మా నాన్న రోజూ తిట్టేవాడు" అంది అత్తయ్య. "ఆ తిట్లు పడలేకే పోయాడు." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "వచ్చు బాబాయ్. చానా బాగా వచ్చు వాడికి."

చిన్నతాతయ్య లేచి రాలేదు. చేట దగ్గరికి లాక్కుని ఆమె వదిలేసిన చింతపండు గింజలు తీయడం మొదలుపెట్టాడు. నేనూ తీశాను. ఆమె ఆ బిళ్ళనూ హంసనూ పక్కపక్కన పెట్టుకుని, తమ్ముడి చిన్నప్పటి సంగతులు చెబుతూ ఉంది. మామయ్య పని నుంచి ఇంటికొచ్చేసరికి మేమింకా అక్కడే ఉన్నాం. ఆయనకు మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది.

హెడ్మాస్టరుగారి దగ్గరికి మర్నాడు అత్తయ్యే స్వయంగా వెళ్ళింది. మావాడు విమానం నడపలేదండీ, ఇంజన్లు చూసేవాడు, నన్ను పిలవడం మీకు ఇష్టమైతేనే పిలవండి అని చెప్పిందట. ఆయన మంచివాడు. ఇంకా సంతోషంగా పిలుస్తానమ్మా, కాకపోతే ఈ మాటలు మీరే చెప్పాలి అన్నాడట.

పండగ రోజు నేను బల్ల వెనక నిలబడి ఉన్నాను. తెల్లగుడ్డ మీద కిరీటాల వరస, సింహాల వరస, ఆ ఒంటిరెక్క గుడ్డముక్క, అన్నీ సర్ది ఉన్నాయి. అత్తయ్య ఆకుపచ్చ నేతచీరె కట్టుకుని వచ్చింది. ఎడమ భుజం మీద, కొంగు నిలబడేలా, ఆ రెక్కల బిళ్ళ పెట్టుకుంది. ఎండలో అది వెండికన్నా తెల్లగా మెరిసింది. వేదిక మీద ఆమె మాట్లాడింది కొంచెమే. మా తమ్ముడు విమానాలు బాగుచేసేవాడు, ఇది వాడు నా కోసం తన చేత్తో చేశాడు, ఈ చెక్కే తీరు మా నాన్నది అంది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, అయితే విమానం నడపలేదా అని అడిగాడు. వెక్కిరింపుగా కాదు, తెలుసుకుందామనే.

"నడిచేట్టు చేసేవాడు అన్నయ్యా" అంది అత్తయ్య.

ఆ పెద్దాయన చేతులు జోడించాడు. ఆ తర్వాత ఆడపిల్లలందరూ నా బల్ల వదిలేసి ఆమె చుట్టూ మూగారు. ఒక్కొక్కరికీ వంగి బిళ్ళ చూపించింది. చుక్కలు చూపించడానికి చిన్నతాతయ్య దగ్గర భూతద్దం అడిగి తీసుకుంది. ఆ రోజు మొదలు పెళ్ళిళ్ళకూ కోటప్పకొండ తిరునాళ్ళకూ ఆమె దాన్ని పెట్టుకునే వచ్చేది. దుర్గి వెళ్ళినప్పుడు కూడా పెట్టుకునే వెళ్ళింది.

చిన్నతాతయ్య పోయాక బిస్కెట్ల డబ్బా నాకొచ్చింది. నేను దానికి ఇంకా చాలా చేర్చాను. గుంటూరు పాత సామాన్ల కొట్లలో, హైదరాబాదు ఆదివారం సంతల్లో వెతికి తెచ్చినవి ఉన్నాయి. ఈ మధ్య పిల్లలు ఫోన్లో ఫోటోలు పంపి, ఇదేమిటి మామ్మా అని అడుగుతున్నారు. చాలావాటికి నకళ్ళు వస్తున్నాయి. కొత్తగా పోతపోసి, పాతగా కనపడేలా మసి పూసి అమ్ముతున్నారు.

పోయిన నెల నకరికల్లు నుంచి ఒకమ్మాయి వచ్చింది. వాళ్ళ ముత్తాతది అంటూ ఒక టోపీ బిళ్ళ తెచ్చింది. చూడగానే తెలిసింది, అది ఆయన వేసుకున్నది అయ్యే వీల్లేదు. ఆయన కొలువు మానేశాక చాలా కాలానికి వచ్చిన సింహాలు దాని మీద ఉన్నాయి. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. నేను టీ పెట్టి తెచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, ఈ బిళ్ళ మీ ఇంట్లోకి ఎవరు తెచ్చారు, ఎక్కడ దాచేవాళ్ళు, ఇంట్లో ఇంకెవరు కొలువుకు పోయారు అని అడగడం మొదలుపెట్టాను. ఇంటికి ఫోను చేసి వాళ్ళ నాయనమ్మను కలిపింది. ఆ ముసలామె అవతలి నుంచి, అది నా పెద్ద కొడుకుది, పెట్టెలో మామగారి బట్టల మడతల్లో నేనే దాచానమ్మా, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు అంది. చీకటి పడేదాకా మేము ముగ్గురం ఆ పెద్ద కొడుకు సంగతులే మాట్లాడుకున్నాం.

ఎవరైనా ఒక వస్తువు నా చేతిలో పెడితే నేను అబద్ధం చెప్పను. కానీ కాదు అని చెప్పాక మాత్రం అక్కణ్ణుంచి లేవను. అదేమిటో ఇద్దరికీ తెలిసేదాకా కూర్చుంటాను. కొన్నిసార్లు అది తెలియదు కూడా. అప్పుడైనా, వాళ్ళు మాట్లాడటం అయిపోయేదాకా కూర్చుంటాను.